పేలిన చుక్కకు ఎక్స్‌రే

2024 జనవరి 1వ తేదీ ఉదయం 9 గంటల 10 నిమిషాలకు మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోయింది. నాలుగు రోజుల తర్వాత, జనవరి 5న, అందులోని ఎక్స్‌స్పెక్ట్ అనే పరికరం మొదటిసారి కన్ను తెరిచింది. తెరిచి చూసింది ఏ గ్రహాన్నో, సూర్యుణ్ణో కాదు. ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం తాలూకు శిథిలాన్ని. దాని పేరు కాసియోపియా-ఏ. ఆ శిథిలం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలలో మెగ్నీషియం, సిలికాన్, గంధకం, ఆర్గాన్, కాల్షియం, ఇనుము వీటన్నిటి జాడలూ కనిపించాయని ఇస్రో ప్రకటించింది.

పత్రికల్లో ఇది నాలుగు వాక్యాల వార్త. రాకెట్టు బొమ్మ పెద్దది వేశారు, చుక్క సంగతి చిన్నగా వేశారు. ఆ వార్త వచ్చిన రోజుల్లోనే, మాతోపాటు ఏజెన్సీలో ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన నన్ను పట్టుకుని, "ఏం మాస్టారూ, మనం మారేడుమిల్లిలో ఉన్నప్పుడు మనిషి రొమ్ముకు ఎక్స్‌రే తీయించాలంటే కొండ దిగాల్సి వచ్చేది. ఇప్పుడు చుక్కలకి కూడా తీస్తున్నారటగా!" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆ మాటలో నవ్వెంతో నొప్పీ అంతే. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద బస్సు కోసం దగ్గుతూ కూర్చున్న మనుషులను ఆయనా చూశారు, నేనూ చూశాను. క్షయ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పిన వాణ్ణి గనుక ఆయనకు నాలుగు ముక్కలు చెప్పాను. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఆ నాలుగు ముక్కలే కాస్త విపులంగా రాస్తే బాగుంటుందనిపించింది. ఇందులో మన తెలుగునేలకు చెందిన చరిత్ర చాలా ఉంది. దాని గురించి మనవాళ్ళు రాసింది తక్కువ.

ముందుగా ఎక్స్‌రే సంగతి. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ అనే ఆచార్యుడు ఈ కిరణాలను కనిపెట్టాడు. అవేమిటో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఆస్పత్రిలో మనకు తీసే ఎక్స్‌రేలో కిరణాలు యంత్రం నుంచి వస్తాయి, మన ఒంట్లోంచి దూసుకుపోతాయి, ఎముక దగ్గర ఆగుతాయి. ఆ నీడే మనం చేత్తో పట్టుకుని తిరిగే ఫిల్ము. చుక్కకు తీసే ఎక్స్‌రే అలాంటిది కాదు. అక్కడ యంత్రం ఏదీ పెట్టక్కర్లేదు, ఆ శిథిలమే కిరణాలు విడుస్తుంది. మనం చేయవలసిందల్లా వాటిని పట్టుకోవడం. అదే కష్టం.

ఎందుకు విడుస్తుంది? మన సూర్యునికన్నా చాలా పెద్ద నక్షత్రం లోపలి ఇంధనమంతా అయిపోయాక దాని నడుమ భాగం ఒక్కసారిగా కుప్పకూలుతుంది. పై పొరలు విస్ఫోటంలో బయటికి ఎగిరిపోతాయి. దీన్ని సూపర్‌నోవా అంటారు. ఎగిరిన పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాసియోపియా-ఏ విషయంలో ఆ అల వేగం సెకనుకు ఇంచుమించు 5,000 కిలోమీటర్లు. దారిలో ఉన్న పలుచని వాయువును అది ఢీకొంటుంది. గొడ్డలితో మోడు కొడితే గొడ్డలి అంచు వేడెక్కుతుంది గదా! ఇక్కడ ఆ దెబ్బకు వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కుతుంది. అంత వేడిలో అణువులు అణువులుగా మిగలవు. వాటి చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. సిలికాన్ పరమాణువుకు మామూలుగా 14 ఎలక్ట్రాన్లు; అక్కడ ఒకటో రెండో మాత్రం మిగులుతాయి. ఇలా ఎలక్ట్రాన్లు ఊడిన వాయువునే ప్లాస్మా అంటారు.

ప్లాస్మా అనగానే మన పెన్షనర్లందరికీ రక్తపరీక్ష గుర్తొస్తుంది. ఈ పేరు 1928లో లాంగ్‌మ్యూర్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టాడు. మాట ఒకటే, వస్తువు వేరు. మన దేశంలో ఈ విషయం మీద అందరికన్నా ముందు పునాది వేసినవారు మేఘనాథ్ సాహా. ఏ వేడిలో ఏ మూలకానికి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడతాయో లెక్కకట్టే సూత్రాన్ని ఆయన 1920లో ఇచ్చారు. సూర్యుని వంటి నక్షత్రాల పైపొరకు అది చక్కగా సరిపోతుంది. పేలిన నక్షత్రాల శిథిలంలో మాత్రం సరిగ్గా సరిపోదు. అక్కడ వాయువు ఎంత పలుచనంటే, అణువులు ఒకదానినొకటి ఢీకొనడానికే ఏళ్ళూపూళ్ళూ పడుతుంది. వేడి వచ్చేసింది, ఊడవలసిన ఎలక్ట్రాన్లు ఇంకా ఊడుతూనే ఉన్నాయి. పొయ్యి మీద ఎసరు మరిగినా బియ్యం ఇంకా ఉడకనట్టు. ఎంత ఉడికిందో చూస్తే పొయ్యి ఎప్పుడు వెలిగించారో చెప్పవచ్చు. శాస్త్రవేత్తలు ఈ శిథిలాల విషయంలో చేసేది అదే.

మరొక సంగతి. కోట్ల డిగ్రీల వాయువు అంటే భగభగ మండే పొయ్యి అనుకోవద్దు. అది మన గాలితో పోలిస్తే శూన్యమే. ఉన్న నాలుగు కణాలూ మహావేగంగా తిరుగుతుంటాయి, అంతే. అందుకే అది తొందరగా చల్లారదు కూడా. వేల సంవత్సరాలు అలాగే వేడిగా ఉండి, ఎక్స్ కిరణాలు విడుస్తూనే ఉంటుంది.

ఇంతకూ ఆ కిరణాలను పట్టుకోవడానికి అడ్డు ఏమిటి? మన గాలే. కోటి, రెండు కోట్ల డిగ్రీల వాయువు విడిచే ఎక్స్ కిరణాలు మెత్తటివి. ఆస్పత్రి యంత్రంలోవి గట్టివి, మనిషిని దాటి పోతాయి. ఇవి నేలమీది గాలిలో జానెడు దూరం కూడా దాటలేవు. వేల కాంతి సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చి, మన వాతావరణం పైపొరలోనే హరించుకుపోతాయి. జీవులకు అది మేలే గాని, చూడాలనుకునేవాడికి ఇబ్బంది. పైకి పోక తప్పదు.

1962 జూన్‌లో అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారి నుంచి జియాకోని బృందం ఒక రాకెట్టు పంపింది. చంద్రుని నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయేమో చూడాలని వారి ఉద్దేశం. ఆ రాకెట్టు గాలిని దాటి ఉన్నది ఆరు నిమిషాల లోపే. ఆ కొద్దిసేపట్లో వృశ్చికరాశి వైపు నుంచి, ఎవరూ అనుకోనంత బలంగా ఎక్స్ కిరణాలు వచ్చి పడ్డాయి. దానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. ఇక్కడినుంచే ఎక్స్‌రే ఖగోళశాస్త్రం మొదలైంది. ఆ పనికి జియాకోనికి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

సరిగ్గా ఆరేళ్ళు తిరక్కుండానే ఆ శాస్త్రం మన హైదరాబాదుకు వచ్చేసింది. ఈ మాట మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1968 ఏప్రిల్‌లో బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు హైదరాబాదు నుంచి ఒక పెద్ద బెలూనులో పరికరం పంపి, ఆ స్కార్పియస్ ఎక్స్-1నే చూశారు. ఆ బృందంలో బి.వి. శ్రీకంఠన్, పి.సి. అగ్రవాల్ వంటివారు ఉన్నారు. శ్రీకంఠన్ గారు అంతకుముందు కోలారు బంగారు గనుల్లో భూమి అడుగున విశ్వకిరణాలను కొలిచినవారు. భూమి అడుగు నుంచి ఆకాశం అంచు దాకా ఆయన పని సాగింది.

బొంబాయి వాళ్ళు బొంబాయిలోనే ఎగరేసుకోవచ్చు గదా, హైదరాబాదు ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, బొంబాయికి పక్కనే సముద్రం. బెలూను దిగేటప్పుడు నీళ్ళలో పడితే పరికరం దక్కదు. దక్కన్ పీఠభూమి నడిబొడ్డున ఉన్న హైదరాబాదు నుంచి ఎటు పోయినా నేలే. రెండవది ఇంకా ముఖ్యమైనది. అంతరిక్షం నుంచి విశ్వకిరణాలు ఎప్పుడూ కురుస్తూ ఉంటాయి. అవి పరికరాన్ని తాకితే ఎక్స్ కిరణాలు వచ్చినట్టే లెక్క పడుతుంది, లెక్క తప్పుతుంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట ఈ విశ్వకిరణాలలో బలహీనమైనవాటిని భూమి అయస్కాంతశక్తి పక్కకు నెట్టేస్తుంది. హైదరాబాదు అలాంటి చోటు. అమెరికాలో, ఐరోపాలో ఎగరేసిన బెలూన్లకు ఈ సౌకర్యం లేదు. సంతలో గోలలేని మూల కూర్చుంటే పక్కవాడి మాట వినపడినట్టు, హైదరాబాదు ఆకాశంలో చిన్న సంకేతం కూడా వినపడుతుంది.

మొదట్లో ఈ బెలూన్లను ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ఎగరేసేవారు. 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వతమైన కేంద్రం ఏర్పడింది. ఈసీఐఎల్ అంటే 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. మన మన్యంలో తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకులదీ ఆ ఊరే. ఇది కథకు అంత సంబంధం లేని మాటే గాని, రంప ప్రాంతంలో ఉద్యోగం చేసినవాడికి రాయకుండా ఉండబుద్ధి కాదు.

ఆ బెలూను గురించి కొంచెం చెప్పాలి. అది తిరణాలలో పిల్లలు కొనుక్కునే బుడగ లాంటిది కాదు. పలుచని పాలిథిన్ పట్టీలను అంచులు కలిపి వేడితో అతికి చేసిన సంచి. పూర్తిగా ఉబ్బితే లక్ష ఘనమీటర్లు దాటేవి ఉన్నాయి. అతుకులో ఒక్కచోట లోపం ఉన్నా పైకి పోయి చిరిగిపోతుంది. అందుచేత ఆ అతికే పని చేసేవారి చేతిలోనే ప్రయోగం బతుకంతా ఉంటుంది. ఎగరేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు బెలూను తలభాగంలో మాత్రమే కొద్దిగా నింపుతారు. మిగతాదంతా తడిగుడ్డలా వేలాడుతుంది. చూసేవాడికి ఇది ఎగురుతుందా అనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, లోపలి వాయువు వ్యాకోచించి, 30, 40 కిలోమీటర్ల ఎత్తులో నిండు గుమ్మడికాయలా తయారవుతుంది. అక్కడ కొన్ని గంటలు తేలుతుంది. పని అయ్యాక కిందినుంచి రేడియో ఆజ్ఞ ఇస్తే తాడు తెగి, పరికరం పారాచూట్ మీద దిగుతుంది. ఎక్కడ దిగితే అక్కడికి జీపు పరుగెత్తాలి.

పరికరం దిగిన ఊళ్ళో జనం గుమికూడడం మామూలే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో వింత ఆకారపు పెద్ద పరికరం దిగితే ఊరుఊరంతా కదిలి వచ్చింది. అదీ హైదరాబాదు కేంద్రం నుంచి ఎగిరిందే. దాని పని వేరు, చుక్కలకు సంబంధించింది కాదు. అయినా జనం కంగారులో తేడా ఏముంటుంది?

ఇక హైదరాబాదు బెలూన్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1975 జనవరిది. దానికి ముందు తొమ్మిది వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

1054 జూలైలో చైనావారు వృషభరాశిలో ఒక కొత్త చుక్కను చూసి రాసుకున్నారు. అది 23 రోజులపాటు పట్టపగలు కూడా కనిపించిందట. ఆ సంవత్సరం మన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు రాజ్యం చేస్తున్నాడు. నన్నయగారు ఆయన ఆస్థానంలోనివారు. చైనా రాజు చూసిన చుక్క గోదావరి మీద కూడా పొడిచి ఉండాలి, ఆషాఢ శ్రావణాల మబ్బులు అడ్డం రాకపోతే. తెల్లవారుజామున లేచి స్నానానికి రేవుకు దిగినవారికి తూర్పున వేగుచుక్కను మించిన వెలుగు కనబడి ఉండాలి. మారేడుమిల్లి కొండల మీద అప్పుడు ఉన్న మన్యం జనానికి ఇంకా బాగా కనబడి ఉండాలి. ఇదంతా నా ఊహే. చైనావారి రాత మాత్రం ఊహ కాదు.

ఆ పేలిన చుక్క శిథిలాన్నే ఇప్పుడు క్రాబ్ నెబ్యులా అంటారు. చలికాలపు రాత్రుల్లో గొల్లకావడికి పైన, రోహిణికి తూర్పున, ఎద్దు కొమ్ము కొన దగ్గర ఉంటుంది. ఎక్స్ కిరణాలలో ఇది ఎంత స్థిరంగా వెలుగుతుందంటే, శాస్త్రవేత్తలు దాన్నే కొలతగా పెట్టుకున్నారు. మనకు తులం, వీశె ఉన్నట్టు వారికి 'ఒక క్రాబ్', 'పది మిల్లీక్రాబులు' అని లెక్క.

ఈ క్రాబ్ చంద్రుడు నడిచే దారికి పక్కనే ఉండడంవల్ల, కొన్నేళ్ళకొకసారి వరుసగా కొన్ని నెలలు చంద్రుడు దాని మీదుగా పోతాడు. 1964లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అనే ఆయన ఆ సమయానికి సరిగ్గా రాకెట్టు పంపాడు. ఉపాయం ఏమిటంటే, ఎక్స్ కిరణాలు ఒక్క బిందువు నుంచి వస్తుంటే చంద్రుని అంచు దానిని మూసిన క్షణంలో దీపం ఆర్పినట్టు ఆగిపోవాలి. విశాలమైన చోటు నుంచి వస్తుంటే తలుపు మెల్లగా మూసినట్టు తగ్గాలి. మెల్లగానే తగ్గాయి. అంటే కిరణాలు విడుస్తున్నది ఆ మేఘమే. చంద్రుని అంచే ఆయనకు కత్తిపీట అయింది.

మళ్ళీ అలాంటి అవకాశం 1974, 75లలో వచ్చింది. 1975 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు, హైదరాబాదు నుంచి జపాను శాస్త్రవేత్తలూ టాటా సంస్థవారూ కలిసి బెలూను ఎగరేసి, చంద్రుడు క్రాబ్‌ను కప్పుతుంటే గట్టి ఎక్స్ కిరణాలు ఎలా తగ్గుతాయో కొలిచారు. ఒక్కసారి ఆలోచించండి. బెలూను ఎగరడానికి గాలి అనుకూలించాలి, ఆకాశం అంచుకు చేరడానికి రెండు మూడు గంటలు పట్టాలి, గ్రహణ ముహూర్తం నిమిషం అటూ ఇటూ కదలదు. పురోహితుడికి కూడా ముహూర్తంలో కొంత వెసులుబాటు ఉంటుంది, వీరికి లేదు. ఆ ఫలితాలు ఇంగ్లండులోని 'నేచర్' పత్రికలో ఆ ఏడే అచ్చయ్యాయి.

అయితే చరిత్ర రాసేవాడు ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. క్రాబ్ నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు వేడి ప్లాస్మావి కావు. దాని నడుమ సెకనుకు 30 సార్లు తిరిగే ఒక నక్షత్ర శకలం ఉంది. అది ఎలక్ట్రాన్లను విపరీతమైన వేగంతో తరుముతుంటే, అవి అయస్కాంతక్షేత్రంలో చుట్లు తిరుగుతూ కిరణాలు విడుస్తాయి. వేడివల్ల వచ్చే కిరణాలు చూడాలంటే కాసియోపియా-ఏ వంటివాటిని చూడాలి. మరి హైదరాబాదువారు దాన్ని ఎందుకు పట్టుకోలేదు? చేతగాక కాదు. బెలూను 40 కిలోమీటర్లు పోయినా దానికి పైన ఇంకా గాలి ఉంటుంది. వాతావరణంలో నూటికి 99 వంతులకు పైగా కిందే వదిలిపెట్టి పోయినా, మిగిలిన ఆ కాస్త గాలి చాలు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు కిరణాలను మింగేయడానికి. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు అంటే ఇంచుమించు కోటీ పదహారు లక్షల డిగ్రీల వేడికి సమానం. సిలికాన్ గీత 1.86 దగ్గర, ఇనుము గీత 6.7 దగ్గర వస్తాయి. అంటే వేడి ప్లాస్మా చెప్పే కబురంతా బెలూనుకు అందని అంతస్తులో ఉంది. నూటికి ఒక వంతు కూడా లేని గాలి దశాబ్దాలపాటు అడ్డుపడింది. 1968 నుంచి 2024 వరకు జరిగిన కథంతా ఆ కాస్త గాలిని దాటడం గురించే అని నా అభిప్రాయం.

దాటడానికి ప్రయత్నాలు ముందునుంచీ ఉన్నాయి. 1960ల చివర్లోనే కేరళలోని తుంబా నుంచి చిన్న రాకెట్లలో ఎక్స్‌రే పరికరాలు పంపారు. కాని అవి పైన ఉండేది నిమిషాలే. తర్వాత 1975 ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట రష్యా నుంచి పైకి పోయింది. ఉడుపి రామచంద్రరావు గారు, అంటే యు.ఆర్. రావు గారు, నడిపించిన పని అది. దానిలో ఎక్స్‌రే పరికరం కూడా ఉంది. విద్యుత్తు సరఫరాలో లోపం వచ్చి కొద్ది రోజులకే ప్రయోగాలు ఆపవలసి వచ్చింది. ఎక్స్‌రే శాస్త్రవేత్తల నోటిదాకా వచ్చిన ముద్ద అలా జారిపోయింది.

ఈలోగా శ్రీహరికోట తయారయింది. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. ఆ దీవిలో అంతకుముందు యానాదులు ఉండేవారు. తేనె, దుంపలు, చేపలు వారి బతుకు. కేంద్రం వచ్చాక ఆ బతుకు మారింది. మన్యంలో ఉద్యోగం చేసినవాళ్ళం గనుక ఆ మార్పు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. రాకెట్టు చరిత్రలో వారి పేరు కూడా ఒక వాక్యంగానైనా ఉండాలని నా కోరిక.

1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి పోయిన ఐఆర్‌ఎస్-పీ3 ఉపగ్రహంలో, భూమిని చూసే కెమెరాల పక్కన, ఎక్స్‌రే పరికరాలకు కొంత చోటు ఇచ్చారు. అద్దె ఇంట్లో ఒక గది ఇచ్చినట్టు. వారు దాంతో కృష్ణబిలాల జంటలను చూసి మంచి పని చేశారు. శిథిలాల మెత్తటి వెలుగును చూడడానికి ఆ పరికరాలు సరిపోవు.

అదే సమయంలో బయటి ప్రపంచం చాలా ముందుకు పోయింది. 1978లో అమెరికావారు ఐన్‌స్టీన్ పేరుతో పంపిన ఉపగ్రహం ఈ శిథిలాలకు నిజమైన ఎక్స్‌రే బొమ్మలు తీసింది. సిలికాన్, గంధకం గీతలు విడివిడిగా చూపింది. 1999 జూలైలో చంద్ర పేరు మీద, అంటే మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరు మీద, మరొక గొప్ప టెలిస్కోపు పోయింది. అది విడుదల చేసిన తొలి బొమ్మ కాసియోపియా-ఏదే. యాభై ఏళ్ళుగా రేడియోలో అందరికీ తెలిసిన ఆ శిథిలం సరిగ్గా నడుమ ఒక చిన్న చుక్క ఆ బొమ్మలో కనబడింది. పేలిన నక్షత్రం మిగిల్చిన గింజ అది. మరుసటి ఏడు తేలిన విషయం ఇంకా విచిత్రం. నక్షత్రం బతికి ఉండగా ఇనుము అన్నిటికన్నా లోపల, సిలికాన్ దాని పైన ఉంటాయి. పేలిన తర్వాత కొన్నిచోట్ల ఇనుమే సిలికాన్ కన్నా బయటికి వచ్చేసింది. చొక్కా తిరగేసినట్టు. పేలుడు నున్నగా అన్ని వైపులకూ సమానంగా జరగలేదని దానివల్ల తెలిసింది.

మనవారికి సొంత ఇల్లు 2015 సెప్టెంబరు 28న దొరికింది. ఆ రోజు శ్రీహరికోట నుంచి పోయిన ఆస్ట్రోశాట్ పూర్తిగా ఖగోళశాస్త్రానికే కట్టిన ఉపగ్రహం. దానిలో మెత్తటి ఎక్స్ కిరణాలను ఒకచోటికి చేర్చే టెలిస్కోపు కూడా ఉంది. మామూలు అద్దం మీద పడితే ఎక్స్ కిరణాలు లోపలికి దిగిపోతాయి. అందుకని చెరువు మీద పెంకు విసిరి కప్పగంతులు వేయించినట్టు, బాగా ఏటవాలుగా పడేలా బంగారు పూత వేసిన పలుచని రేకులను ఒకదానిలో ఒకటి అమర్చాలి. ఆ రేకులను టాటా సంస్థవారే చేశారు. ఆ టెలిస్కోపు కొలతలు సరిచూసుకోవడానికి వాడిన వాటిలో 1572లో టైకో బ్రాహే చూసిన నక్షత్రం తాలూకు శిథిలం ఒకటి. గీతలు ఎక్కడ రావాలో ముందే తెలుసు గనుక అది తూకంరాయిగా పనికొచ్చింది.

ఆస్ట్రోశాట్, ఎక్స్‌పోశాట్ రెండూ భూమి మధ్యరేఖకు 6 డిగ్రీల వాలులో, సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున తిరిగేలా పంపారు. కారణం హైదరాబాదు బెలూన్లకు చెప్పిందే. మధ్యరేఖ దగ్గర విశ్వకిరణాల గోల తక్కువ. 1968లో నేర్చిన పాఠం అంత ఎత్తులోనూ పనికొచ్చింది.

ఎక్స్‌పోశాట్‌లో ఉన్నవి రెండు పరికరాలు. పెద్దది పోలిక్స్, బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థవారిది. చిన్నది ఎక్స్‌స్పెక్ట్, బెంగుళూరులోనే యు.ఆర్. రావు గారి పేరున్న ఇస్రో కేంద్రంవారిది. ఆర్యభటలో ప్రయోగం అర్ధంతరంగా ఆగిపోయిన ఆయన పేరున్న చోట తయారైన పరికరం కాసియోపియా-ఏ ఇనుమును చూసిందన్నమాట. ఇది నాకు తృప్తినిచ్చిన సంగతి. అదే జనవరి 5న జపానువారి క్రిజమ్ అనే ఉపగ్రహం తన తొలి ఫలితాలు ప్రకటించింది. అదీ ఒక నక్షత్ర శిథిలమే, మరో పక్క గెలాక్సీలోది. అర్ధశతాబ్దం కిందట హైదరాబాదులో కలిసి బెలూను ఎగరేసిన రెండు దేశాలూ ఇంచుమించు ఒకే సమయంలో ఒకేరకం వస్తువు మీద కబురు చెప్పడం కాకతాళీయమే.

మా ఆరోగ్యశాఖ మిత్రునికి నేను చెప్పింది ఇనుము గురించి. ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, పాలిపోయిన కళ్ళు చూసి ఇనుము మాత్రలు ఇచ్చేవాళ్ళం. ఆ రక్తంలోని ఇనుము, పళ్ళలో ఎముకల్లో ఉన్న కాల్షియం భూమిలో పుట్టినవి కావు. భూమి పుట్టకముందే ఇలాంటి నక్షత్రాలలో తయారై, వాటి పేలుడులో చెల్లాచెదరై, మేఘాలలో కలిసి, ఆ మేఘాల నుంచి సూర్యుడూ భూమీ ఏర్పడ్డాయి. ఇనుములో ఎక్కువ వంతు టైకో చూసిన రకం పేలుళ్ళ నుంచి, కాల్షియం, సిలికాన్ వంటివి కాసియోపియా-ఏ రకం నుంచి చాలావరకు వచ్చాయి. ఆ పంపకం ఇప్పుడు కళ్ళముందు జరుగుతుంటే కొలిచినదే ఎక్స్‌స్పెక్ట్ తీసిన ఎక్స్‌రే. ఆయన అంతా విని, "మాత్ర మాత్రం కొండ ఎక్కి రావాల్సిందే గదా మాస్టారూ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఉండాలని కూడా నేను అనుకోను. చుక్కకు ఎక్స్‌రే తీయకపోతే ఆ డబ్బు మారేడుమిల్లి ఎక్కేదని నమ్మేటంత అనుభవం మాత్రం నా సర్వీసులో లేదు.

కాసియోపియా-ఏ మనకు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎగిరిపోతున్న ముక్కల వేగం కొలిచి వెనక్కి లెక్కవేస్తే, ఆ పేలుడు వెలుగు భూమికి 1670, 1680 మధ్య చేరి ఉండాలని తేలింది. అప్పుడు గోల్కొండలో తానీషా ఏలుబడి, మాదన్న మంత్రిత్వం. దుమ్ము మేఘాలు అడ్డు వచ్చాయేమో, 1054 నాటి చుక్కలా అది జనం కళ్ళకు కట్టలేదు.

అది ఉన్న చోటు చూడదలచినవారు కార్తీకమాసంలో, అమావాస్య దగ్గర పడ్డప్పుడు, రాత్రి ఎనిమిది గంటలకు ఉత్తరం వైపు తిరిగి నిలబడాలి. పట్నంలో దీపాల వెలుగుకు కష్టం. మారేడుమిల్లి వైపు చుట్టాలుంటే మంచిది. ఆ వేళకు సప్తర్షులు కొండల వెనక దిగిపోయి ఉంటారు. ధ్రువనక్షత్రం బాగా కిందికి ఉంటుంది, ఎదురుగా కొండ ఉంటే అదీ కనిపించదు. దానికి పైన, ఆకాశం సగం ఎత్తున, ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఐదు చుక్కలు ఉంటాయి. అదే కాసియోపియా. ఎడమ చివరి చుక్క పట్టుకుని, చేయి పూర్తిగా చాపి, మూడు వేళ్ళు అడ్డం పెట్టి, అంత దూరం ఎడమకు జరగాలి. అక్కడ కంటికి ఏమీ కనపడదు.